కాగ్ ‘ఆదేశించింది’ అనవచ్చా?

సందేహం: ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) గురించి ‘కాగ్ స్వాతంత్ర్యతను కాపాడాలి’, ‘లెక్కలు సరిచేయాలని కాగ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది’ అన్న వాక్యాలు చదివాను. ఇవి సరైనవేనా? మొదటిదానిలో ‘స్వయంప్రతిపత్తి’ అంటే మేలా?

సమాధానం: ‘స్వాతంత్ర్యత’ తప్పు. స్వతంత్ర శబ్దం మీద భావార్థంలో ‘స్వాతంత్ర్యం’ అని గాని, ‘స్వతంత్రత’ అని గాని ఏర్పడుతుంది. రెండు ప్రత్యయాలూ కలిపి తగిలించడం కుదరదు. ‘స్వయంప్రతిపత్తి’ మరొకరి పరిధిలో ఉంటూనే తన వ్యవహారాలు తాను చక్కబెట్టుకొనే కళాశాలల వంటివాటికి నప్పే మాట. రాజ్యాంగం 148వ అధికరణం ప్రకారం కాగ్‌ను సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించే పద్ధతిలో తప్ప తొలగించరాదు. పదవి దిగాక ఆయన కేంద్రంలో గాని, రాష్ట్రంలో గాని మరే ప్రభుత్వ పదవీ చేపట్టరాదు. ఆ కార్యాలయ నిర్వహణ ఖర్చు పార్లమెంటు ఓటుతో పనిలేకుండా కేంద్ర ప్రభుత్వ ప్రధాన ఖజానా అయిన భారత సంఘటిత నిధి నుంచి వస్తుంది. ఎవరి లెక్కలు చూడాలో వారి దయ మీద బతకకపోవడమే ఇందులోని సారం కనుక ‘స్వతంత్రత’ అనడమే నాకు సమ్మతం.

రెండో వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, అర్థదోషం ఉంది, నా దృష్టిలో అదే పెద్దది. కాగ్ విధులనూ అధికారాలనూ నిర్దేశించే 1971 నాటి చట్టం ప్రకారం ఆయన ప్రభుత్వ లెక్కల కార్యాలయాలను తనిఖీ చేయవచ్చు, తన తనిఖీకి సంబంధించిన పుస్తకాలూ కాగితాలూ తెప్పించుకోవచ్చు, ఆ కార్యాలయ బాధ్యుణ్ణి ప్రశ్నలడగవచ్చు. కాబట్టి ‘ఫలానా దస్త్రం పంపాలని ఆదేశించింది’ అంటే తప్పు లేదు. కాని తనిఖీలో తేలినదాన్ని రాష్ట్రపతికో గవర్నరుకో నివేదించడం వరకే ఆయన పని. నివేదిక చట్టసభ ముందుకు వెళుతుంది, సభ్యులతో ఏర్పడిన ప్రజాపద్దుల సంఘం దాన్ని పరిశీలిస్తుంది. డబ్బు తిరిగి కట్టించే అధికారం గాని, శిక్షించే అధికారం గాని కాగ్‌కు లేవు. లేని అధికారాన్ని క్రియాపదంతో అంటగడితే, లెక్క సరికానప్పుడు జవాబు చెప్పవలసినది ప్రభుత్వమూ, అడగవలసినది చట్టసభా అన్న సంగతి పాఠకుడికి అందకుండా పోతుంది. అందుకే ‘ఎత్తిచూపింది’, ‘అభ్యంతరం చెప్పింది’, ‘సిఫారసు చేసింది’ అన్నవే తగిన క్రియలు.

మీరు అడగకపోయినా ఒక మాట: రాజ్యాంగం చెప్పే కాగ్ ఒక వ్యక్తి, కార్యాలయం కాదు. పదవిలో ఉన్నవారిని ఉద్దేశిస్తే ‘అన్నారు’ అని, నివేదికను ఉద్దేశిస్తే ‘అంది’ అని రాయడం ఉచితం. ఆ లెక్కన మీరు చదివిన వాక్యం ‘లెక్కలు సరిచేయాలని కాగ్ నివేదిక సిఫారసు చేసింది’ అని ఉండాలి.