అమ్మ పేరుతో ఇచ్చే డబ్బు జూన్‌లో అందాలి

చిరంజీవి మేనల్లుడికి,

కడప నుంచి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అమ్మ పేరు మీద అయిదు లక్షలు తీసిపెట్టానని, ఆ డబ్బుతో ఊరి బడిలో కళావేదిక కట్టిద్దామనుకుంటున్నానని రాశావు. చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నీ మనసు నాకు తెలుసు. అయినా చెబుతున్నాను, వేదిక కట్టించవద్దు.

ముప్ఫై రెండేళ్లు కాలేజీ ఆఫీసులో పనిచేశాను. అందులో సగానికి పైగా ఫీజుల కౌంటరు దగ్గరే గడిచింది. పిల్లలు లక్షలు లేక చదువు మానడం నేను చూసింది తక్కువ. పరీక్ష ఫీజుకు మూడు వందలు తక్కువపడి, బస్సు పాసు డబ్బు లేక, హాస్టల్లో మొదటి నెల మెస్సు బిల్లు కట్టలేక మానినవాళ్లే ఎక్కువ. ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పులు, ఫీజు రీయింబర్స్‌మెంటు లేవని కాదు. కానీ ఆ డబ్బు వచ్చే రోజు వేరు, కాలేజీ అడిగే రోజు వేరు. ఆ రెంటి మధ్య కొన్ని నెలలుంటాయి. పేదింటి పిల్ల చదువు ఆగిపోయేది ఆ నెలల్లోనే.

ఒక సాయంత్రం ఒక అమ్మాయి వచ్చి, రెండు రోజులు గడువిస్తే నాన్న శనగలు అమ్మి డబ్బు తెస్తాడని చెప్పింది. ఫీజుకు అదే ఆఖరి రోజు. నిబంధన ఒప్పుకోదని చెప్పి పంపేశాను. నా జేబులో ఆ డబ్బుంది. ఇవ్వవచ్చన్న ఆలోచనే రాలేదు. ఆ అమ్మాయి మళ్లీ కాలేజీకి రాలేదు. మరుసటి నెల జీతంలోంచి రెండు వేలు ఒక కవరులో పెట్టి టేబులు సొరుగులో ఉంచాను. తర్వాత తోటి ఉద్యోగులు ఇద్దరు ముగ్గురు కలిశారు. రిటైరయ్యే రోజు వరకు ఆ కవరు ఖాళీ కాలేదు. తిరిగి ఇమ్మని ఎవరినీ అడగలేదు. అయినా చాలామంది ఉద్యోగం వచ్చాక వెతుక్కుంటూ వచ్చి అందులో వేసి వెళ్లారు.

నీ డబ్బు కూడా అలాంటి కవరు కావాలని నా కోరిక. అయిదు లక్షలు బ్యాంకులో డిపాజిట్ చెయ్యి. ఏడు శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 35,000 వస్తుంది. ఆ వడ్డీ మే నెలాఖరుకల్లా చేతికొచ్చేలా తేదీ చూసుకుని వెయ్యి. ఇది చిన్న విషయం అనుకోకు. పుస్తకాలు, అడ్మిషను, బస్సు పాసు, అన్నీ జూన్‌లోనే మీద పడతాయి. అదే డబ్బు ఆగస్టులో ఇస్తే, అప్పటికే ఆ తల్లి కమ్మలు తాకట్టుకు వెళ్లి ఉంటాయి.

ఇంత మొత్తానికి ట్రస్టు పెట్టవద్దు. రిజిస్ట్రేషను, ఆడిటు ఖర్చులకే కొంత పోతుంది. ఎవరికివ్వాలో చూడటానికి ముగ్గురిని పెట్టుకో. హెడ్‌మాస్టరు ఒకరు ఉండవచ్చు. కానీ ఆయన బదిలీ మీద వెళ్లిపోతారు. అందుకని మిగిలిన ఇద్దరూ ఊళ్లో స్థిరంగా ఉండేవాళ్లు, వాళ్లలో ఒకరు ఆడమనిషి అయి ఉండాలి. ఆడపిల్లలు తమ ఇబ్బంది మగవాళ్లతో చెప్పుకోలేరు. అడిగిన రెండు రోజుల్లో డబ్బు అందాలి. అర్జీ ఒక్క పేజీ దాటకూడదు. ఆదాయ ధ్రువపత్రం తెమ్మంటే ఆ పిల్ల రెండు రోజులు ఆఫీసుల చుట్టూ తిరగాలి, తండ్రి రెండు రోజుల కూలి పోగొట్టుకోవాలి.

మార్కుల షరతు పెట్టవద్దు. ఈ మాట మీద నాతో వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను మాత్రం మారను. మొదటి ర్యాంకు పిల్లవాడిని పిలిచి సత్కరించడానికి పదిమంది ముందుకొస్తారు. లెక్కల్లో తప్పి సప్లిమెంటరీ ఫీజు కోసం చూస్తున్న పిల్లవాడి వైపు ఎవరూ చూడరు. ఆ ఒక్క ఫీజు కడితే వాడు పాసై పాలిటెక్నిక్‌కో డిగ్రీకో వెళతాడు, కట్టకపోతే బెంగళూరు బస్సెక్కి కూలి పనికి వెళతాడు. ఇక పిల్లల ఫొటోలు ఫ్లెక్సీల మీద వేయించనని నాకు మాట ఇవ్వాలి. సాయం తీసుకున్న పదిహేనేళ్ల పిల్ల ముఖం ఊరి కూడలిలో వేలాడదీయకూడదు.

డబ్బుతో పాటు నీ సెలవుల్లో ఒక వారం కూడా ఇవ్వు. ప్రభుత్వ బడుల్లో చదివే ఎనిమిదో తరగతి పిల్లలకు కేంద్ర ప్రభుత్వం మెరిట్ స్కాలర్‌షిప్పు పరీక్ష ఒకటుంది. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలకు మించకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఏటా 12,000 వస్తుంది. ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకు ఖాతాలో ఇంకో పేరు ఉండటం వల్ల, ఏటా చేయాల్సిన రెన్యువల్ మరిచిపోవడం వల్ల వచ్చిన డబ్బు ఆగిపోయిన పిల్లలున్నారు. కంప్యూటర్ ముందు వాళ్లతో కూర్చుని ఆ తప్పులు దిద్దితే చాలు. నీ 35,000కు దీటైన సాయం అది.

ఇప్పుడు కళల మాట. మన దగ్గర కళాకారుడికి శాలువా కప్పడం తెలుసు, ముందుగా దారి ఖర్చులివ్వడం తెలియదు. అనంతపురం వైపు ఉరుము అనే జానపద వాద్యం వాయించే బృందాన్ని పిలిచినప్పుడు చూశాను. చర్మం చిరిగిన వాద్యాన్ని అప్పు చేసి బిగించుకుని వచ్చారు. కార్యక్రమం అయ్యాక శాలువాలు, మెమెంటోలు ఇచ్చారు. డబ్బు తర్వాత పంపిస్తామన్నారు. ఎవరినైనా ఆడమని పిలిస్తే సగం డబ్బు ముందే పంపు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలు కొనాలి, శుభ్రం చేసి అద్దంలా పల్చగా అయ్యేలా తీర్చాలి, బొమ్మ గీసి చిల్లులు కొట్టి రంగులద్దాలి. తోలు కొనడానికే ముందు డబ్బు కావాలి. వాళ్లకు విరాళం ఇవ్వనక్కర్లేదు. బేరం ఆడకుండా, బయానా ఇచ్చి బొమ్మ చేయించుకో. బొమ్మలు గీసే పిల్లలు మన ఊళ్లో కనబడితే, 2020లో కడపలోనే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వచ్చిందని వాళ్ల తల్లిదండ్రులకు చెప్పు. చిత్రకళ కూడా డిగ్రీ చదువేనని చాలామందికి తెలియదు. రంగులు, కాన్వాసు ఖర్చు నువ్వు భరించు.

ఇక్కడ బ్రౌన్ గ్రంథాలయం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఒక విషయం తలచుకుంటాను. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన ఆ బ్రౌన్ దొర పండితులను సొంత డబ్బుతో జీతాలకు పెట్టుకుని తాళపత్రాలు తెప్పించాడు, వాటి ప్రతులు సరిచూపించాడు, కాగితం మీదికి ఎక్కించాడు. అప్పులు కూడా చేశాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. పండితులకు ఒక్కసారి సన్మానం చేసి ఊరుకుని ఉంటే ఆ పని జరిగేది కాదని నా నమ్మకం. నెలనెలా జీతం అందింది, వాళ్లు కూర్చుని రాశారు.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మీ అమ్మ వయొలిన్ నేర్చుకునేది. నాలుగేళ్లు నేర్చుకుంది. మొదటి పాఠాలు నేర్పే మాయామాళవగౌళ రాగం దాటి వర్ణాల దాకా వచ్చింది. ఒకరోజు వయొలిన్ తీగల మీద ఆడించే కమాను విరిగింది. కొత్తది కొనడానికి నాన్న దగ్గర డబ్బు లేదు, నాకింకా ఉద్యోగం రాలేదు. పంట వచ్చాక కొందామన్నారు. ఆ ఏడు వాన పడలేదు. పై ఏడు దానికి పెళ్లి చేశాం. గురువుగారు ఒకసారి ఇంటికి వచ్చి అడిగారు కూడా, ఇంత మంచి చెయ్యి పాడవుతుందని. మీ అమ్మ ఆ మాట నీతో ఎప్పుడూ అనలేదంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇప్పుడు వేదిక కట్టి దాని మీద ఆమె పేరు చెక్కిస్తానంటే నాకు ఆ కమానే కళ్ల ముందు మెదులుతోంది.

పన్ను సంగతి కూడా అడిగావు. ఏదైనా సంస్థకు ఇస్తే పన్ను మినహాయింపు కోసం రసీదు తీసుకో. 2,000కు మించి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నావంటే అసలే రాదు. పిల్లలకు నేరుగా ఇచ్చేదానికి ఆ ఆశ పెట్టుకోకు.

పాన్ కార్డు, ఆధార్ తీసుకుని ఒక శనివారం రా, ఇద్దరం బ్యాంకుకు వెళదాం. రెండో శనివారం, నాలుగో శనివారం కాకుండా చూసుకో, ఆ రోజుల్లో బ్యాంకు ఉండదు.

ఇట్లు,
మీ మామయ్య