సిర్రోసిస్‌లో బ్యాండింగ్: మా నాన్నగారి విషయంలో మేము చూసినది

మీ నాన్నగారికి సిర్రోసిస్ ఉందని, ఇంతవరకు రక్తపు వాంతి కాకపోయినా ఎండోస్కోపీలో అన్నవాహికలో పెద్ద వేరిసీస్ (ఉబ్బిన సిరలు), వాటి మీద ఎర్రటి చారలు కనబడ్డాయని, డాక్టరు బ్యాండింగ్, అంటే ఆ సిరలకు రబ్బరు బ్యాండ్లు బిగించి మూయడం, చేద్దామన్నారని రాశారు. బాగానే తిరుగుతున్న మనిషికి ఇది అవసరమా, మాత్రలతో సరిపోదా, ఒకసారి చేయిస్తే అయిపోతుందా అని అడిగారు. మా నాన్నగారు 2018 నుంచి ఈ చికిత్సలో ఉన్నారు కనుక, మేము చూసినదీ డాక్టర్లను అడిగి తెలుసుకున్నదీ రాస్తున్నాను.

పేగుల నుంచి, ప్లీహం నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా కాలేయంలోకి వెళ్లాలి. సిర్రోసిస్‌లో కాలేయం మచ్చకట్టి గట్టిపడటంతో ఆ దారి ఇరుకై, ముందుకు పోలేని రక్తం అన్నవాహిక అడుగున, పొట్ట పైభాగాన ఉన్న సన్నని సిరల్లోకి మళ్లి వాటిని ఉబ్బిస్తుంది. కాలేయానికి అటూ ఇటూ ఉండే ఒత్తిడి తేడా మామూలుగా 5 మి.మీ. (పాదరసం) లోపు ఉంటుంది, అది 10కి చేరితే వేరిసీస్ ఏర్పడతాయి, 12 దాటితే పగిలే ప్రమాదం మొదలవుతుంది. ఎర్రటి చార అంటే ఆ చోట సిర గోడ పలచబడిందని అర్థం. కనుక మీ డాక్టరుగారి తొందరకు కారణం ఉంది.

మా నాన్నగారు మద్యం ముట్టని మనిషి. ఆయన కాలేయం హెపటైటిస్-బి వల్ల చెడింది. ఈ జబ్బు పేరు వినగానే తాగుడే అనుకునే బంధువుల మాటలు మా అమ్మను ఎంత బాధపెట్టాయో నాకు తెలుసు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను. మాకు ముందుగా పరీక్ష చేయించే అవకాశం రాలేదు. రెండు రోజులు విరేచనం తారులా నల్లగా అయినా ఐరన్ మాత్రల వల్లనేమో అనుకున్నాము. మూడవ రాత్రి భోజనమైన గంటకు స్టీలు గిన్నె నిండా రక్తం కక్కుకున్నారు.

ఆసుపత్రిలో ముందుగా సిరల్లో ఒత్తిడి తగ్గించే ఇంజెక్షన్, యాంటీబయాటిక్ మొదలుపెట్టి, తెల్లవారేలోగా ఎండోస్కోపీ చేశారు. అంత రక్తం పోయిన మనిషికి రెండు యూనిట్లే ఎక్కించి ఆపారని మేము డాక్టరుతో గొడవపడ్డాము. హిమోగ్లోబిన్ 7, 8 మధ్య ఉంటే చాలునని, అంతకు మించి ఎక్కిస్తే పోర్టల్ ఒత్తిడి పెరిగి కట్టిన సిరే మళ్లీ పగలవచ్చునని ఆయన వివరించిన తరువాత గాని మా ఆవేశం చల్లారలేదు. మరునాడు నాన్నగారు అమ్మను గుర్తుపట్టలేదు. పేగుల్లోకి దిగిన రక్తం అరిగి అమ్మోనియాగా మారి మెదడును మబ్బు కమ్మేలా చేస్తుందట. లాక్టులోజ్ సిరప్‌తో విరేచనాలు సాఫీగా అయ్యాక రెండు రోజుల్లో తేరుకున్నారు.

తరువాతి సిట్టింగులో ఆ పరికరాన్ని దగ్గరగా చూశాను. ఎండోస్కోపు కొసకు పారదర్శకమైన చిన్న టోపీ, దాని చుట్టూ వరుసగా బిగించిన నల్లటి రబ్బరు బ్యాండ్లు ఉంటాయి. ఉబ్బిన సిరను టోపీలోకి పీల్చి బ్యాండు వదిలితే, అది సిర మొదట్లో బిగుసుకుని రక్తప్రసారాన్ని ఆపివేస్తుంది. మొలలకు బ్యాండు వేసే పద్ధతినే అమెరికాలోని డెన్వర్‌లో గ్రెగ్ స్టీగ్‌మన్ అనే సర్జన్ 1986లో దీనికి మలిచారు. అంతకుముందు సిరలోకి మందు ఎక్కించి గట్టిపరిచేవారు, దానితో పుండ్లు, ఇరుకులు ఎక్కువ. నాన్నగారికి గొంతులో స్ప్రే కొట్టి, మత్తు ఇచ్చి ఇరవై నిమిషాల్లో ముగించారు. ఒకటి రెండు రోజులు ఛాతీలో నొప్పి, మింగేటప్పుడు పట్టినట్లు ఉండటం సహజం. బ్యాండు పడిన కండ కొద్ది రోజుల్లో ఊడి, అక్కడ పుండు మిగులుతుంది. ఆ పుండు నుంచి కూడా రక్తం రావచ్చు కనుక ఆ రెండు వారాలు జాగ్రత్తగా ఉండాలి. మేము తొలి రోజు చల్లని మజ్జిగ, రాగిజావ, ఆ తరువాత మెత్తగా కలిపిన పెరుగన్నం పెట్టి, యాసిడ్ తగ్గించే మాత్ర తప్పకుండా వేశాము.

ఒకసారితో అయిపోతుందా అన్న మీ ప్రశ్న దగ్గరే మేము పొరపాటు చేశాము. సిరలు పూర్తిగా మూసుకునే వరకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి బ్యాండింగ్ చేయించాలని డిశ్చార్జి కాగితంలో స్పష్టంగా ఉన్నది. మొదటిసారి ఐదు బ్యాండ్లు, మూడు వారాలకు నాలుగు వేయించాము. మనిషి కోలుకుని పొలం గట్టున తిరుగుతుండటం చూసి, వరికోతల పనుల్లో పడి మూడవ సిట్టింగ్ మానేశాము. నాలుగు నెలలకు మళ్లీ రక్తపు వాంతి అయింది. ఆ తరువాత అమ్మ ప్రతి సిట్టింగ్ తేదీ చుట్టూ గోడ క్యాలెండరు మీద ఎర్ర సున్నా చుట్టడం మొదలుపెట్టింది. మరో మూడు సిట్టింగులకు సిరలు మూసుకున్నాయి.

ఇక మాత్రల సంగతి. ఇంతవరకు రక్తస్రావం కానివారికి కార్వెడిలాల్ లేదా ప్రొప్రనొలాల్ వాడటం కూడా గుర్తింపు ఉన్న మార్గమే. ఇవి పోర్టల్ ఒత్తిడినే తగ్గిస్తాయి; బ్యాండు ఆ సిరను మూస్తుందే గాని ఒత్తిడిని తగ్గించదు. ఉబ్బసం, మరీ తక్కువ బీపీ, నాడి నెమ్మదిగా కొట్టుకోవడం ఉన్నవారికి ఇవి పడవు. కనుక మీ నాన్నగారికి కార్వెడిలాల్ సరిపడదా, సరిపడకపోతేనే బ్యాండింగా అని మీ డాక్టరును నేరుగా అడగండి. ఒకసారి రక్తం కక్కినవారికి మాత్రం మాత్ర, బ్యాండింగ్ రెండూ కలిపి చేస్తారు. సిరలు పొట్టలో ఉన్నాయేమో కూడా తెలుసుకోండి, పొట్ట పైభాగపు పెద్ద సిరలకు చాలాసార్లు బ్యాండు కాకుండా గ్లూ ఇంజెక్షన్ ఇస్తారు. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ వంటి మాత్రలు దుకాణంలో అడిగి వేయించకండి. నల్లటి విరేచనం కనిపిస్తే మాలాగా రెండు రోజులు ఆగకండి, రాత్రివేళ ఎండోస్కోపీ చేసే ఆసుపత్రి మీకు దగ్గరలో ఏది ఉందో ఇప్పుడే కనుక్కోండి.

ఖర్చు విషయంలో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కలవండి. మా నాన్నగారికి ఇప్పుడు ఆరు నెలలకొకసారి ఎండోస్కోపీ చేస్తున్నారు. కిందటిసారి ఒక చిన్న సిర మళ్లీ తలెత్తితే ఒక్క బ్యాండు వేసి సాయంత్రానికి ఇంటికి పంపించారు.