బోనస్ వచ్చింది, గేమింగ్ లాప్‌టాప్‌కు ఏం కొనాలి?

ప్రశ్న: ఉద్యోగంలో చేరి పది నెలలైంది. మొదటి బోనస్ చేతికొచ్చింది. చదువుకునే రోజుల్లో కొన్న గేమింగ్ లాప్‌టాప్ ఉంది. మూడేళ్ల పాతది. ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్, ఒకే స్టిక్‌గా 8 జీబీ డీడీఆర్4 ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. కొత్త గేమ్స్ ఆగి ఆగి నడుస్తున్నాయి. 32 జీబీ ర్యామ్, 2 టీబీ ఎస్ఎస్‌డీ, ఎక్స్‌టర్నల్ గ్రాఫిక్స్ బాక్సు, 144 హెర్ట్జ్ మానిటర్, మెకానికల్ కీబోర్డు, కూలింగ్ ప్యాడ్ కొందామని జాబితా రాసుకున్నాను. బోనస్ చాలదు, మిగతాది వడ్డీ లేని ఈఎంఐలో పెడదామనుకుంటున్నాను. పొదుపు ఒక నెల జీతమంత ఉంది. ఏది ముందు కొనమంటారు?

జవాబు: ముందు కొనాల్సింది ఏదీ లేదు. ముందు చేయాల్సింది కొలత. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ ఒకటి పెట్టుకుని, మిమ్మల్ని బాగా విసిగిస్తున్న గేమ్‌ను అరగంట ఆడండి. తెర మూలన నాలుగు అంకెలు కనపడేలా పెట్టుకోండి: జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ఎంత శాతం పనిచేస్తోంది, దానికి సొంతంగా ఉండే వీడియో మెమరీ ఎంత నిండింది, ర్యామ్ ఎంత నిండింది, ప్రాసెసర్ వేడి ఎంత. ఆట ఆగిన ప్రతిసారీ ఆ అంకెలు ఎక్కడున్నాయో కాగితం మీద రాసుకోండి. మీ జాబితాలో ఏది ఉండాలో, ఏది పోవాలో ఆ కాగితమే సగం తేల్చేస్తుంది.

ఇక డబ్బు సంగతి. ధరలు నెలకో తీరుగా మారతాయి కాబట్టి మీ బోనస్‌ను వంద పాళ్లు అనుకుందాం. మీరు పంపిన జాబితా ధరలను ఆ లెక్కలోకి మారిస్తే గ్రాఫిక్స్ బాక్సు, అందులో పెట్టే కార్డు కలిపి 90, ర్యామ్ 25, ఎస్ఎస్‌డీ 25, మానిటర్ 25, కీబోర్డు 10, కూలింగ్ ప్యాడ్ 5. మొత్తం 180. అంటే వచ్చిన వంద ఖర్చుపెట్టి, ఇంకో ఎనభై అప్పు చేయాలి. నెల జీతమంత పొదుపున్న మనిషి ఏటేటా విలువ తరిగే వస్తువు కోసం ఈ పని చేయకూడదు. గేమింగ్ మీద నాకేం చిన్నచూపు లేదు. నేనూ రాత్రిళ్లు ఆడతాను.

జాబితాలో సగం బరువు గ్రాఫిక్స్ బాక్సుదే కాబట్టి దాంతోనే మొదలుపెడతాను. లాప్‌టాప్‌లో జీపీయూ మదర్‌బోర్డుకు అతికించి వస్తుంది, మార్చలేం. దాని వీడియో మెమరీ కూడా అంతే. ఆ లోటు పూడ్చడానికి బయట పెట్టే పెట్టె ఇది. పనిచేస్తుంది, కాదనను. కానీ దానికి థండర్‌బోల్ట్ గానీ యూఎస్‌బీ4 గానీ, అంటే డేటాను చాలా వేగంగా పంపే రకం పోర్టు కావాలి. చాలా గేమింగ్ లాప్‌టాప్‌లలో టైప్-సీ పోర్టు ఉంటుంది గానీ థండర్‌బోల్ట్ ఉండదు. చూడ్డానికి రెండూ ఒకటే. పోర్టు ఉందనే అనుకుందాం. థండర్‌బోల్ట్ 3, 4 దారి వెడల్పు సెకనుకు 40 గిగాబిట్లు. అందులో కార్డుకు దక్కేది గరిష్ఠంగా 32, అంటే మదర్‌బోర్డుకూ కార్డుకూ మధ్య డేటా నడిచే పీసీఐఈ 3.0 దారిలో నాలుగు లేన్లంత (వరసలంత). డెస్క్‌టాప్‌లో అదే కార్డు పదహారు లేన్ల స్లాట్‌లో కూర్చుంటుంది. దాంతో కార్డు సత్తాలో కొంత దారిలోనే పోతుంది. బొమ్మను మళ్లీ లాప్‌టాప్ తెరమీదే చూస్తే ఇంకొంత పోతుంది. పెట్టెకు, కార్డుకు, కార్డుకు తగిన పవర్ సప్లైకి పెట్టే డబ్బు మామూలు డెస్క్‌టాప్ ధరకు దగ్గర పడుతుంది. చారాణా కోడికి బారాణా మసాలా అంటారే, అది. కొట్టేయండి.

ర్యామ్ దగ్గర మాత్రం మీ అనుమానం సరైనదే, మోతాదే తప్పు. విండోస్, బ్రౌజర్, స్నేహితులతో మాట్లాడుకునే యాప్ కలిసి నాలుగైదు జీబీ తినేస్తే 8 జీబీలో ఆటకు మిగిలేది ఏపాటి? అంతకన్నా పెద్ద లోపం ఒకే స్టిక్ ఉండటం. ఒక డీడీఆర్4-3200 స్టిక్ సెకనుకు 25.6 జీబీ డేటా ఇవ్వగలదు. పక్కన అలాంటిదే ఇంకొకటి పెడితే 51.2. చాలా లాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ కార్డు గీసిన బొమ్మ ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మీదుగా తెరకు చేరుతుంది. ఆ చిన్న గ్రాఫిక్స్ వాడుకునేది ఈ ర్యామ్‌నే. అందుకే రెండో స్టిక్ పెడితే ఆట ఆగి ఆగి నడవడం తగ్గవచ్చు. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరిస్తే ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని నిండాయో చెబుతుంది. రెండింట్లో ఒకటే నిండి ఉంటే మీకు కావాల్సింది ఇంకో 8 జీబీ స్టిక్, అదే వేగంది. వేగాలు కలవకపోతే రెండూ తక్కువదాని వేగానికే దిగిపోతాయి. 32 జీబీ కొన్నా మీ గ్రాఫిక్స్ కార్డుకున్న వీడియో మెమరీ ఉన్నంతే ఉంటుంది. కాగితం మీద వీడియో మెమరీ నిండినట్టు తేలితే దానికి మందు గేమ్ సెట్టింగ్స్‌లో టెక్స్చర్స్ (వస్తువుల మీద కనిపించే నగిషీ) తగ్గించడమే, ర్యామ్ కాదు.

ఇక్కడ ధరల మాట ఒకటి చెప్పాలి. కంప్యూటర్ విడిభాగాలు ఆగితే చవకవుతాయని మనకో నమ్మకం. ర్యామ్ విషయంలో ఈమధ్య అది తలకిందులైంది. తయారీదార్లు ఏఐ డేటా సెంటర్ల వైపు మొగ్గడంతో 2025 రెండో సగం నుంచి ధరలు బాగా పైకెళ్లాయి. ఆ డిసెంబరులో మెమరీ చిప్పులు తయారుచేసే మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండుతో మామూలు కొనుగోలుదార్లకు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఇలాంటప్పుడు అవసరానికి మించిన ర్యామ్ కొనడమంటే గిరాకీ రోజున సరుకు నిల్వ చేసుకోవడమే. పైగా డీడీఆర్4 స్టిక్ మీ తర్వాతి లాప్‌టాప్‌లోకి రాదు. డీడీఆర్4 లాప్‌టాప్ స్టిక్‌కు 260 పిన్నులు, దాని తర్వాతి తరం డీడీఆర్5కు 262. గాడి ఉండే చోటూ వేరే. ఇది పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. ఒకసారి తగ్గింపు ధర చూసి మా మేనల్లుడికి స్టిక్ ఒకటి కొనేశాను. రెండు నెలల తర్వాత వాడు సెలవులకు వచ్చినప్పుడు తెరిచి చూస్తే దిగదు. వాపసు గడువు ఎప్పుడో దాటింది. ఆ స్టిక్ ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

ర్యామ్ వాడినదైనా పర్వాలేదంటాను. అందులో అరిగే భాగం లేదు. 16కో 32కో మారినవాళ్లు తీసిపారేసిన 8 జీబీ స్టిక్కులే పాత సరుకులో ఎక్కువ. తెచ్చుకున్నాక ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ నడిపి తప్పులు లేవని చూసుకుంటే చాలు. ఎస్ఎస్‌డీ మాత్రం వాడినది కొనకండి. దాని మీద డేటా రాసే కొద్దీ ఆయుష్షు తరుగుతుంది. 1 టీబీ డ్రైవులకు చాలా కంపెనీలు 600 టెరాబైట్ల రాత దాకా హామీ ఇస్తాయి. పాతదాని మీద అందులో ఎంత ఖర్చయిందో అమ్మేవాళ్లు చెప్పరు, మనం అడగం.

ఎస్ఎస్‌డీ అసలు కావాలా? 512 జీబీ డ్రైవు విండోస్‌లో 476 గానే కనిపిస్తుంది. పెద్ద గేమ్ ఒక్కోటి 100 జీబీ దాటుతోంది. మూడు గేమ్స్ పెడితే ఇరుకే. కానీ ఇరుకు వేరు, నిదానం వేరు. మీ ఫిర్యాదు నిదానం గురించి. ఎస్ఎస్‌డీ పెద్దదైతే ఫ్రేములు, అంటే కార్డు సెకనుకు గీసే బొమ్మలు, పెరగవు. ఏడాదిగా తెరవని గేమ్స్ తీసేసి చూడండి. అప్పటికీ చాలకపోతే 1 టీబీ కొనండి, 2 వద్దు. డబ్బా మీద సెకనుకు 7000 మెగాబైట్లు అని ఉంటే మురిసిపోకండి. మీ లాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ స్లాట్ పీసీఐఈ 3.0 అయితే అది 3500 దగ్గరే ఆగుతుంది. ఆగినా నష్టం లేదు, గేమ్ తెరుచుకునే సమయంలో ఆ రెండింటి తేడా మీరు గుర్తుపట్టడం కష్టం. ఎం.2 అనేది ఆకారం పేరు; అది రాసి ఉన్నంత మాత్రాన వేగంగా నడిచే ఎన్‌వీఎంఈ రకం కానక్కర్లేదని కూడా గుర్తుంచుకోండి. అదే ఆకారంలో నిదానమైన సాటా రకమూ వస్తుంది, దాని వేగం 550 దగ్గరే.

ఎస్ఎస్‌డీ పక్షాన ఒక మాట. మీ జాబితాలో లాప్‌టాప్ చచ్చాక కూడా బతికే వస్తువుల్లో ఇదొకటి. ఎన్‌వీఎంఈ డ్రైవును రేపు కొత్త లాప్‌టాప్‌లోకి మార్చుకోవచ్చు, లేదా చిన్న డబ్బాలో పెట్టి ఎక్స్‌టర్నల్ డ్రైవుగా వాడుకోవచ్చు. మానిటరూ అంతే, కీబోర్డూ అంతే. నేను ఎవరికైనా విడిభాగాల ఖర్చు లెక్కేసేటప్పుడు రెండు గంపలు పెడతాను. మిషన్‌తో పాటే పోయే డబ్బు ఒకటి, మనతో పాటు తర్వాతి మిషన్‌కు నడిచొచ్చే డబ్బు ఒకటి. మొదటి గంపకు నేను గీసుకున్న గీత ఇది: లాప్‌టాప్‌ను ఇవాళ అమ్మితే ఎంతొస్తుందో, అందులో ఐదో వంతు దాటకూడదు. రెండో గంపకు అంత పట్టుదల అక్కర్లేదు, కానీ వేళ చూసుకోవాలి. సెకనుకు 50 ఫ్రేములు గీసే కార్డుకు సెకనుకు 144 చూపగల 144 హెర్ట్జ్ మానిటర్ ఇవాళెందుకు? కొత్త మిషన్ వచ్చినప్పుడు దాంతోపాటు కొనండి, అప్పటికి మంచి రకం రావచ్చు. కీబోర్డు సరదా వస్తువు. బోనస్‌లోంచి కాకుండా నెల జీతంలో మీ చేతి ఖర్చులోంచి కొనుక్కుంటే నాకేం అభ్యంతరం లేదు.

జాబితాలో మీరు రాయనిది ఒకటుంది. మూడేళ్లలో ఒక్కసారైనా లోపల దుమ్ము తీయించారా? ప్రాసెసర్ 95 డిగ్రీల దగ్గర తచ్చాడుతుంటే అది కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు బాగా ఆడిన గేమ్ ఇప్పుడు నత్తనడక నడుస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఫ్యాన్లు శుభ్రం చేయించి, చిప్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే మార్పిస్తే అయ్యే ఖర్చు మీ వంద పాళ్లలో మూడు. కూలింగ్ ప్యాడ్ ఐదు పాళ్లు పెట్టి చేసే పనిలో చాలావరకు లాప్‌టాప్ వెనక అంచును కాస్త ఎత్తిపెడితే ఉచితంగా అవుతుంది. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ఆ రోజే మార్పించండి, అది ప్రమాదం.

ఈఎంఐ గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. వడ్డీ లేదన్న చోట వడ్డీ వేరే పేరుతో ఉంటుంది. మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారని అడిగి చూడండి. 6 శాతం తగ్గిస్తామన్నారనుకోండి. వందను పన్నెండు వాయిదాల్లో కట్టడమంటే ఇవాళ 94 అప్పు తీసుకుని కట్టినట్టే. లెక్కిస్తే ఏడాదికి 11 శాతం పైమాటే వడ్డీ. ప్రాసెసింగ్ రుసుము ఉంటే ఇంకా ఎక్కువ. ఒక్క వాయిదా తప్పి ఆ బాకీ క్రెడిట్ కార్డు వడ్డీలోకి జారితే కథ మారుతుంది. నెలకు 3 శాతం అంటే చిన్నగా వినిపిస్తుంది గానీ చక్రవడ్డీ మీద ఏడాదికి 42 శాతం దాటుతుంది.

అందుకని మీ వంద పాళ్లు నేనైతే ఇలా పంచుతాను. శుభ్రతకు 3, ఒక 8 జీబీ స్టిక్‌కు 8, నిజంగా ఇరుకైతే 1 టీబీ ఎస్ఎస్‌డీకి 14. మొత్తం పాతిక. మిగిలిన 75లో 45 అత్యవసర నిధికి. ఉద్యోగం కొత్త, పొదుపు నెల జీతమంతే, కాబట్టి కనీసం మూడు నెలల ఖర్చులు పోగయ్యేదాకా ఇది ఆగకూడదు. 30 కొత్త మిషన్ పేరున వేరే ఖాతాలో. ఈఎంఐగా కట్టాలనుకున్న మొత్తాన్నే ప్రతి నెలా ఆ ఖాతాలో జమ చేయండి. కట్టగలననే కదా అనుకున్నారు. రెండేళ్లు గడిస్తే నగదు చేతిలో పెట్టుకుని కొంటారు. అప్పుడు జీపీయూ పేరు ఒక్కటే చూడకండి. లాప్‌టాప్‌లో ఒకే పేరున్న కార్డుకు కంపెనీని బట్టి వేర్వేరు వాట్లు ఇస్తారు. మీ 3050నే తీసుకుంటే 35 వాట్ల నుంచి 80 దాకా ఉంది, పేరు మాత్రం ఒకటే.

స్టిక్ పెట్టించే ముందు వారంటీ ఇంకా ఉందేమో, విప్పితే పోతుందేమో తయారీదారును అడిగి తెలుసుకోండి. కొలతల కాగితం మాత్రం నాకు పంపండి. ఆట ఆగిన ప్రతిసారీ జీపీయూ 97, 98 శాతం దగ్గరే నిలబడి, ర్యామ్‌లో రెండు జీబీ ఖాళీగా కనిపిస్తుంటే, లోటు గ్రాఫిక్స్‌ది, ర్యామ్‌ది కాదు. అప్పుడు ఆ 8 పాళ్లు కూడా కొత్త మిషన్ ఖాతాలోకే వెళ్లాలి.