‘నాకు కాఫీ ఇష్టం’లో కర్త ఎవరు?

సందేహం: గురువుగారికి నమస్కారాలు. ఆరు నెలలుగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. ‘నాకు కాఫీ ఇష్టం’ అనడానికి అందులో ‘మే గుస్తా ఎల్ కఫే’ అంటారు. అక్కడ కర్త కాఫీయే, ‘నేను’ కాదు అని మా టీచరు చెబితే క్లాసులో అందరం తలలు పట్టుకున్నాం. మరి మన తెలుగు వాక్యంలో కర్త ఏది? ‘నేను కాఫీని ఇష్టపడతాను’ అనడమే సరైనదా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

సమాధానం: అమ్మా, ఇంగ్లీషు మీదుగా వెళ్లడంతో మీకు దారి చుట్టయింది. తెలుగు నుంచి నేరుగా వెళ్లండి. ఇక్కడి ‘మే’ అంటే ‘నాకు’. అంతే.

‘ఇష్టం’ నామవాచకం కాబట్టి కర్త తేలిగ్గా చిక్కదు. దాని బదులు ‘నచ్చు’ ధాతువు పెట్టి చూడండి. నాకు పాట నచ్చింది, పాటలు నచ్చాయి, నువ్వు నచ్చావు, మీరు నచ్చారు. క్రియ చివర మారుతున్నది నచ్చినదాన్ని బట్టే. ‘నాకు’ తీసేసి ‘మాకు’, ‘వాళ్లకు’ అన్నా ‘నచ్చింది’ అలాగే ఉంటుంది. స్పానిష్‌లోనూ ఇంతే. కాఫీ అయితే ‘గుస్తా’, మామిడిపళ్లయితే ‘మే గుస్తాన్ లోస్ మాంగోస్’. క్రియ ఎవరి వెంట నడిస్తే వారే కర్త అనుకుంటే, మీ టీచరు చెప్పింది రెండు భాషలకూ చెల్లుతుంది.

మన పెద్దలకు ఇది కొత్త కాదు. పాణిని దీనికోసం ‘రుచ్యర్థానాం ప్రీయమాణః’ అని ఒక సూత్రమే చేశాడు. నచ్చడం అనే అర్థమున్న ధాతువులు వచ్చినప్పుడు, ఎవరికి ప్రీతి కలుగుతుందో వారు సంప్రదానం, అంటే చతుర్థీ విభక్తి. ‘దేవదత్తాయ రోచతే మోదకః’ అని ఉదాహరణ. దేవదత్తుడికి కుడుము నచ్చుతోంది. ప్రథమలో ఉన్నది కుడుమే. (మన బడి పట్టికలో ‘కు’ షష్ఠిలో ఉంటుంది. దాని సంగతి ఇంకోసారి.)

అయితే అంతటితో వదిలేస్తే నాకు తృప్తి లేదు. ‘రవికి తన ఊరు నచ్చింది’ చూడండి. ‘తన’ అనే మాట మామూలుగా కర్తనే పట్టుకుంటుంది. ఇక్కడ రవిని పట్టుకుంది. క్రియ ఊరి వెంట పోతే ‘తన’ రవి వెంట పోయింది. అనుభవించేవాడికి కర్త హోదాలో సగమైనా ఇవ్వాలని నా అభిప్రాయం.

‘కాఫీని ఇష్టపడతాను’ తప్పు కాదు. కానీ పొద్దున్నే వంటింట్లో ఎవరూ అలా అనరు.

ఒక్కచోట జాగ్రత్త. కొట్లో చీర భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటూ ‘ఇది నచ్చింది’ అంటాం. రూపం భూతకాలం, ఇష్టం ఇప్పటిది. స్పానిష్‌లో అక్కడ ‘మే గుస్తా’ అని వర్తమానమే వాడాలి. ‘మే గుస్తో’ అంటే అయిపోయిన ముచ్చట.

‘నాకు’ ఉన్న ప్రతిచోటా ‘మే’ పెట్టేయకండి. తలనొప్పికి సరిపోతుంది: ‘మే దుయెలే లా కబేసా’. ఆకలి, దాహం, భయం, వయసు మాత్రం వాళ్లు ‘తెంగో’తో చెబుతారు. ‘తెంగో ఆంబ్రే’ని మాటకు మాట దించితే ‘నేను ఆకలి కలిగి ఉన్నాను’ అవుతుంది. వాళ్ల నోట అది సహజం, మనకు ‘ఆకలేస్తోంది’ సహజం. ఈమధ్య తెలుగులోనే ‘ఆమె ఇద్దరు పిల్లలను కలిగి ఉంది’ అని రాస్తున్నారు. చదివినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది. ‘ఆమెకు ఇద్దరు పిల్లలు’ అంటే చాలు, క్రియ కూడా అక్కర్లేదు.