టాన్సిల్స్ ఆపరేషన్ అయిన ఆరేళ్ల బాబుకి కేర్ ప్లాన్‌లో గోల్స్ ఎలా రాయాలి?

నర్సింగ్ విద్యార్థిగా మీరు కేర్ ప్లాన్‌లో (రోగి సంరక్షణ ఎలా సాగాలో రాసుకునే పత్రంలో) రాసిన ‘నొప్పి తగ్గాలి’, ‘రక్తం పోకుండా నర్సు గమనించాలి’ అన్న రెండు గోల్స్‌నీ మీ టీచర్ మేడమ్ ఎందుకు కొట్టేశారో తెలుస్తూనే ఉంది. మొదటిదాంట్లో ఎంత తగ్గాలో, ఎప్పటిలోగా తగ్గాలో లేదు. రెండోది అసలు గోలే కాదు, మనం చేసే పని. గోల్ ఎప్పుడూ బాబు ఎలా ఉండాలో చెప్పాలి.

ఈఎన్‌టీ వార్డులో స్టాఫ్ నర్సుగా చేసిన అనుభవంతో చెప్తున్నాను, వరుస కూడా మార్చండి. థియేటర్ నుంచి వచ్చిన పిల్లాడికి ముందు ఊపిరి, రక్తస్రావం. నొప్పి ఆ తర్వాతే.

రక్తస్రావం గోల్ ఇలా రాయొచ్చు: ‘మొదటి 24 గంటల్లో బాబుకి తాజా రక్తం కనబడదు, మాటిమాటికీ గుటకలు వేయడు, పల్స్ వయసుకు తగ్గ పరిధిలో ఉంటుంది.’ ఇందులో గుటకల మాట వదలకండి. పెద్దవాళ్లయితే రక్తం ఉమ్మేస్తారు, పిల్లలు మింగేస్తారు. దిండు మీద మరక ఉండదు, పిల్లాడు హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటాడు, గొంతు మాత్రం కదులుతూనే ఉంటుంది. రాత్రి డ్యూటీలో టార్చి వేసి ముందు అదే చూడాలి. బీపీ పడిపోయేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, పిల్లల్లో అది చివర్లో పడుతుంది. పూర్తిగా మెలకువ వచ్చేదాకా పక్కకి తిప్పి పడుకోబెట్టడం, స్ట్రా ఇవ్వకపోవడం, ఎర్ర రంగు జ్యూసులు వద్దనడం ఇంటర్వెన్షన్లలోకి (అంటే నర్సు చేసే పనుల్లోకి) వెళ్తాయి. ఎర్ర జ్యూసు తాగి వాంతి చేసుకుంటే అది రక్తమో కాదో తేలక అందరికీ టెన్షన్.

నొప్పికి: ‘డ్యూటీ మారేలోగా ముఖాల బొమ్మల స్కేలు మీద బాబు 4 లేదా అంతకన్నా తక్కువ చూపిస్తాడు.’ ఈ స్కేలులో సున్నా అంటే నొప్పి లేదని, 10 అంటే అన్నిటికన్నా ఎక్కువ నొప్పని. సున్నా అని రాయకండి, ఈ ఆపరేషన్‌కి మొదటి రోజున అది జరిగే పని కాదు. చెవి నొప్పి అంటే కంగారు పడక్కర్లేదు, గొంతుకీ చెవికీ ఒకే నరం సంబంధం ఉంది.

నొప్పి ఉన్నంతసేపూ పిల్లాడు తాగడు, కాబట్టి ద్రవాల గోల్‌ని దీనికి ముడిపెట్టండి. బాబు 20 కిలోలైతే రోజుకి సుమారు 1500 మి.లీ. కావాలి (డ్రిప్ ఎక్కించింది కూడా కలిపి), మూత్రం గంటకి 20 మి.లీ.కి తగ్గకూడదు. డాక్టర్ రాసిన పారాసిటమాల్ పడిన అరగంటకి చల్లటి కొబ్బరినీళ్లో జావో ఇచ్చి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

చివరి గోల్ తల్లిది. చాలామంది ‘తల్లికి అవగాహన కలుగుతుంది’ అని రాసి వదిలేస్తారు. అది కొలిచేదెలా? ‘డిశ్చార్జికి ముందు తల్లి మూడు ప్రమాద లక్షణాలు తన మాటల్లో చెప్తుంది’ అని రాయండి. గొంతులో తెల్లటి పొర మామూలే, చీము కాదు. ఆ పొర ఊడే 5 నుంచి 10 రోజుల మధ్య మళ్లీ రక్తం రావొచ్చు. ఇంటికెళ్లాక నాయనమ్మ ప్రేమగా వేడి వేడి మిరియాల పాలు పట్టేది కూడా సరిగ్గా అప్పుడే, ఆవిడని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. రాత్రిపూట రక్తం పడితే ఏ బండిలో, ఎంతసేపట్లో ఆసుపత్రికి చేరగలరో అడిగి, ఆ జవాబు కూడా ప్లాన్‌లో రాసుకోండి.