తండ్రి బొమ్మ, కూతురి కుంచె

ప్రశ్న: డాలర్ నోటు మీది జార్జ్ వాషింగ్టన్ ముఖానికి మూలం గిల్బర్ట్ స్టువర్ట్ వేసిన బొమ్మ కదా. ఆయన కూతురు జేన్ కూడా దాన్నే చూసి వేసి అమ్మేదట. అది తండ్రి పేరు చెప్పుకుని బతకడం కాదా? ఆమెను ఆర్టిస్టు అనొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా అనొచ్చండి. అసలు ఆ బొమ్మకు కాపీలు తీయడం మొదలుపెట్టింది తండ్రే! 1796లో వాషింగ్టన్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాడు, అదీ ఆయన భార్య మార్తా వాషింగ్టన్ కోరితే. కానీ దాన్ని పూర్తి చేయనూ లేదు, వాళ్లకు ఇవ్వనూ లేదు, ఎందుకంటే ఇచ్చేస్తే మళ్లీ చూసి వేయడానికి తన దగ్గర ఏమీ ఉండదు. దాన్ని అట్టే పెట్టుకుని డజన్ల కొద్దీ కాపీలు వేశాడు, ఒక్కోటి వంద డాలర్లకు అమ్మాడు, వాటిని తన ‘వంద డాలర్ల నోట్లు’ అనేవాడు కూడా. తండ్రి చేస్తే వ్యాపారం, కూతురు చేస్తే పేరు వాడుకోవడం అంటే నేను ఒప్పుకోను.

1828లో ఆయన అప్పులు మిగిల్చి పోయాడు. బోస్టన్‌లో పాతిపెట్టినప్పుడు గుర్తుగా రాయి కూడా పెట్టలేదు. అందరికంటే చిన్నదైన జేన్, ఇంకా ఇరవై ఏళ్లు కూడా రాకుండానే, తల్లినీ అక్కలనూ కుంచెతోనే పోషించింది. పోనీ తండ్రి దగ్గర కూర్చోబెట్టి నేర్పాడా అంటే అదీ లేదు. రంగులు నూరించాడు, బొమ్మల్లో నేపథ్యాలు నింపించాడు, మిగిలిందంతా ఆయన వేరేవాళ్లకు చెబుతుంటే విని నేర్చుకున్నదే. ఆమె సొంతంగా పోర్ట్రెయిట్లు వేసింది, 1870ల్లో తండ్రి గురించి పత్రికకు వ్యాసాలూ రాసింది.

ఇంకొకటి. ఆ మూలచిత్రంలో తల, దాని చుట్టూ కొంచెం గోధుమరంగు నేపథ్యం తప్ప మిగతాదంతా ఖాళీ బట్టే. కాబట్టి కాపీ వేసేవాళ్లకు కోటు, మెడ దగ్గరి లేసు ఆ మూలచిత్రం చూసి దించడం కుదరదు, సొంతంగా వేసుకోవాల్సిందే. ముఖమూ తేలిక కాదు: వాషింగ్టన్ కట్టుడు పళ్ల వల్ల పెదాలు బిగుసుకుని, నోటి చుట్టూ ఉబ్బినట్టుంటుంది, దాన్ని కాస్త నున్నగా చేసేస్తే ఆ మనిషి మనిషే మారిపోతాడు. జేన్ వేసిన కాపీ ఎక్కడైనా కనిపిస్తే ముందు ఆ నోటి దగ్గర ఆగి చూడండి, తర్వాత ఆ లేసు.