ఆర్డరు ఫారం గురించి మా అమ్మాయికి

చిరంజీవి చిట్టితల్లికి బాబాయి ఆశీస్సులు.

మొన్న ఆటోనగర్ షెడ్డు మోతలో నువ్వు ఫోన్లో చెప్పింది సగమే వినపడింది గానీ విషయం అర్థమైంది. లారీ బాడీ ఆర్డర్లు ఇకపై కంప్యూటర్లో నింపే ఫారం మీదే తీసుకోవాలని, కస్టమర్ నింపి బటన్ నొక్కితే అది నేరుగా మన మెయిలుకి వచ్చేయాలని కదా నీ ఆలోచన. మంచి పని, తప్పకుండా చెయ్యి. విజయవాడ గవర్నర్‌పేట ప్రెస్సులో ముప్పై ఏళ్లు బిల్లు బుక్కులు, ఆర్డరు ఫారాలు అచ్చేశాను. తర్వాత వాటినే పీడీఎఫ్ ఫారాలుగా చేస్తూ వచ్చాను. అందులో నాకు తెలిసింది ఫోన్లో చెప్పేది కాదని రాస్తున్నాను.

కంప్యూటర్ జోలికి ఇప్పుడే వెళ్లకు. మా అన్నయ్య, అదే మీ నాన్న, బీరువాలో పాత ఆర్డరు పుస్తకాలు ఉంటాయి. చివరి యాభై ఆర్డర్లు ముందేసుకుని కూర్చో. ఏ గడి ఎప్పుడూ ఖాళీగానే ఉందో దాన్ని కొట్టెయ్. అంచుల్లో, వెనక పేజీల్లో అన్నయ్య చేత్తో రాసుకున్నవి మాత్రం జాగ్రత్తగా ఎత్తి రాసుకో. 'వెనక డోరు రెండు రెక్కలు', 'పేరు బోర్డు తెలుగులో', 'పట్టా కొక్కేలు ఎక్కువ కావాలి' లాంటివి. కస్టమర్ నిజంగా చెప్పుకునేవి అవే. అచ్చు ఫారంలో వాటికి చోటు లేకపోబట్టే అంచులకెక్కాయి. నీ కొత్త ఫారం వాటితోనే మొదలవ్వాలి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఛాసిస్ నంబరు, అంటే బండి చట్రం నంబరు మీద పెట్టు. కొత్త బండికి ఇంకా రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి ఆ నంబరే దాని గుర్తు. అది 17 అక్షరాలు. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు అసలు వాడరు, ఒకటి, సున్నా అంకెలతో కలిసిపోతాయని. ఈ సంగతి తెలియక సున్నా ఉన్నచోట ఓ రాసేవాళ్లు చాలామంది. పీడీఎఫ్ ఫారాలు చేసే అక్రోబాట్ సాఫ్ట్‌వేర్‌లో ఆ గడికి 17 అక్షరాల హద్దు పెట్టి, ఒక్కో అక్షరానికి ఒక్కో చిన్న పెట్టె వచ్చేలా చేసుకోవచ్చు. ఒకటి తక్కువైతే చివరి పెట్టె ఖాళీగా కంటికి కనపడుతుంది, నింపేవాడే సరిచూసుకుంటాడు. గడి కిందే 'ఓ అనే అక్షరం రాదు, సున్నా మాత్రమే' అని ఒక ముక్క రాయి.

పొడవు అడిగేటప్పుడు అడుగులకొక గడి, అంగుళాలకొక గడి పెట్టు. ఒకే గడి ఇస్తే ఒకడు 'ఇరవై రెండున్నర' అంటాడు, ఇంకొకడు '22.6' అంటాడు. ఆ పాయింట్ ఆరు అంటే ఆరంగుళాలో, అడుగులో పదింట ఆరు వంతులో ఇనుము కోసేవాడికి ఎలా తెలుస్తుంది? చెక్క బాడీనా, ఇనుప బాడీనా అన్నదానికి ఒక్కటే ఎంచుకునే గుండ్రటి బటన్లు పెట్టు. అదనపు పనులకు ఎన్నైనా టిక్కు పెట్టుకునే చదరపు గడులు. తేదీలో నెలను అంకెగా కాక పేరుగా ఎంచుకోనివ్వు, 05/06 అంటే మే నెలో జూన్ నెలో అన్న అనుమానం ఉండదు. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు. మొదటి రెండంకెలు రాష్ట్రానివి, మన ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. తర్వాతి పది పాన్ నంబరు. ఈ గడిని మాత్రం తప్పనిసరి చెయ్యకు. ఒక్క లారీ ఉన్న ఓనరుకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోవచ్చు, ఆ గడి దగ్గరే ఆగిపోయి ఫారం వదిలేస్తాడు. తప్పనిసరి గడులు నాలుగైదు దాటనివ్వకు.

ఇంకొకటి. ప్రతి గడికీ లోపల ఒక పేరుంటుంది. సాఫ్ట్‌వేర్ దానంతటదే 'టెక్స్ట్ 1', 'టెక్స్ట్ 2' అని పెట్టేస్తుంది. అలాగే వదిలేస్తే రేపు వచ్చిన ఫారాలన్నిటినీ ఎక్సెల్‌లోకి తెచ్చినప్పుడు నిలువు వరసల పైన ఆ పేర్లే వస్తాయి, ఏది ఏమిటో నీకే తెలియదు. రెండు గడులకు ఒకే పేరు పెడితే ఒకదాన్లో రాసింది రెండోదాన్లోనూ పడుతుంది. కస్టమర్ పేరు రెండు పేజీల్లో కావాలంటే అది పనికొస్తుంది, పొరపాటున జరిగితే తలనొప్పి.

ఇక బటన్ సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

నువ్వు అనుకుంటున్నట్టు ఆ బటన్ మెయిల్ పంపదు. నింపిన ఫారాన్ని కస్టమర్ కంప్యూటర్‌లో ఉన్న మెయిల్ ప్రోగ్రామ్ చేతికి ఇస్తుంది, అంతే. అవుట్‌లుక్ లాంటిది అక్కడ సరిగ్గా పెట్టుకుని ఉంటే కొత్త మెయిల్ తెరుచుకుంటుంది, ఫారం దానికి అటాచ్ అయి ఉంటుంది, అప్పుడు కూడా పంపాల్సింది ఆయనే. అలాంటిదేమీ లేకపోతే అక్కడితో ఆగిపోవచ్చు. క్రోమ్‌లో తెరిచినా, వాట్సాప్‌లో వచ్చిన ఫైలుని ఫోన్లో తెరిచినా ఆ బటన్ పనిచేస్తుందని నమ్మకు. మన కస్టమర్లు ఎక్కువమంది లారీ పక్కన నిలబడి ఫోన్లో చూసేవాళ్లే కదా.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్పాలి. ప్రెస్సులో పెళ్లికార్డుల ఆర్డర్లకు ఇలాగే ఒక ఫారం చేశాను. తెనాలి వైపు నుంచి ఒక పెద్దమనిషి కూతురి పెళ్లికి ఫారం నింపి, ఫోన్లో బటన్ నొక్కాడు. తెర ఒకసారి మినుక్కుమంది, వెళ్లిపోయిందనుకున్నాడు. మాకేమీ రాలేదు. ముహూర్తం తొమ్మిది రోజులుందనగా కార్డులు తీసుకెళ్దామని చేతిసంచితో షాపుకొచ్చాడు. ఆ మనిషి ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఫోన్ తెరిచి, నింపిన ఫారం చూపిస్తూ "ఇదుగోండి, పంపాను కదండీ" అన్నాడు. ఆ రాత్రి నేనూ మీ పిన్నీ నిద్రపోకుండా అచ్చేసి, తెల్లారేసరికి కట్టలు కట్టి ఇచ్చాం. అయినా దూరపు చుట్టాలకు పోస్టులో వెళ్లాల్సినవి పెళ్లి దాటాకే చేరాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తప్పు మాత్రం నాదే.

అందుకని నువ్వు ముందునుంచే కొన్ని ఏర్పాట్లు చేసుకోవాలి. బటన్ కింద పెద్ద అక్షరాల్లో ఇలా రాయి: 'బటన్ పనిచేయకపోతే ఈ ఫైలు సేవ్ చేసి, ఈ చిరునామాకి మెయిల్ చేయండి. మా నుంచి ఆర్డరు నంబరుతో జవాబు వస్తేనే ఆర్డరు అందినట్టు. ఒక రోజులో రాకపోతే ఫోన్ చేయండి.' ఆ జవాబు ఇవ్వడం నీ పని. పొద్దున షెడ్డు తెరవగానే ఒకసారి, సాయంత్రం ఒకసారి మెయిల్ చూసి, వచ్చిన ప్రతి ఫారానికీ నంబరు వేసి తిరుగు మెయిల్ పెట్టు. నువ్వు ఊళ్లో లేనినాడు ఎవరు చూడాలో కూడా ఇప్పుడే తేల్చుకో.

బటన్ పెట్టేటప్పుడు ఏ రూపంలో పంపాలని అక్రోబాట్ అడుగుతుంది. పూర్తి పీడీఎఫ్ అన్నదే ఎంచుకో. ఎఫ్‌డీఎఫ్ ఎంచుకుంటే నింపిన సమాచారం మాత్రమే వస్తుంది, దాన్ని చదవాలంటే అసలు ఫారం నీ దగ్గర ఉండాలి. అక్రోబాట్ కొనడం ఇప్పుడే అక్కర్లేదనుకుంటే లిబ్రె ఆఫీస్ ఉచితం. అందులోని రైటర్‌లో ఫారం తయారుచేసి, పీడీఎఫ్‌గా ఎగుమతి చేసేటప్పుడు ఫారం సృష్టించే టిక్కు ఉందో లేదో చూసుకుంటే చాలు.

ఫోన్లో నింపేవాళ్ల కోసం అవే ప్రశ్నలు, అదే వరసలో గూగుల్ ఫారం కూడా ఒకటి పెట్టు. వాళ్లకి బటన్ గొడవే ఉండదు, జవాబులు దానికి లింక్ చేసిన గూగుల్ షీట్‌లో పడతాయి. అయితే కొత్తది వచ్చిందని నీకు మెయిల్ రావాలంటే రెస్పాన్సెస్ దగ్గర ఆ నోటిఫికేషన్ నువ్వే ఆన్ చెయ్యాలి. ఫైలు అప్‌లోడ్ ప్రశ్న మాత్రం పెట్టకు, దానికి గూగుల్ లాగిన్ అడుగుతుంది. ఛాసిస్ ఫొటో వాట్సాప్‌లో పంపమను.

తెలుగు విషయం. ప్రశ్నలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రెండిట్లో ఉండాలి. అన్నయ్య పాత ఫారం 'అను' అనే పాతకాలం తెలుగు ఫాంట్లలో ఉంది, అందులోంచి కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. మండలి లాంటి యూనికోడ్ ఫాంటులో మళ్లీ టైపు చెయ్. ఇక పీడీఎఫ్ గడుల్లో కస్టమర్ తెలుగులో రాస్తే కొన్నిచోట్ల ఒత్తులు విడిపోతాయి, కొన్నిచోట్ల ఖాళీ పెట్టెలు కనపడతాయి. అందుకే పేరు, చిరునామా ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాయమను. పేరు బోర్డు మీద తెలుగులో ఏం రాయాలో కాగితం మీద రాసి ఫొటో పంపమను. పేరులో ఒక ఒత్తు తేడా వస్తే బండి ఓనరు మనసు ఎంత కష్టపడుతుందో అన్నయ్యని అడుగు.

ఆధార్ నంబరు అడగకు. బాడీ కట్టడానికి అది అక్కర్లేదు. వ్యక్తిగత సమాచారం మీద 2023లో చట్టం కూడా వచ్చింది, అవసరమైనంత వరకే, ఎందుకో చెప్పి మరీ తీసుకోవాలి. అడ్వాన్సు కట్టే బ్యాంకు ఖాతా వివరాలు ఫారంలో పెట్టకు. ఆ ఫైలు ఎన్ని చేతులు మారుతుందో తెలియదు, మధ్యలో ఎవరైనా నంబరు మార్చి పంపితే డబ్బు ఇంకెవరికో పోతుంది. ఖాతా నంబరు ఫోన్లో చెప్పి, వాళ్లు తిరిగి చదివాక సరే అను. ఫారానికి పాస్‌వర్డ్ పెట్టి, నింపడం తప్ప మార్చడం కుదరకుండా చెయ్. అది మొండివాణ్ని ఆపదుగానీ మామూలు పొరపాట్లని ఆపుతుంది.

ఆదివారంలోగా మొదటి కాపీ నా మెయిలుకి పంపు. నా ఫోన్లో ఒకసారి, పిన్ని పాత ఫోన్లో ఒకసారి, ప్రెస్సు కంప్యూటర్‌లో ఒకసారి నింపి పంపుతాను. ఛాసిస్ నంబరులో ఒకచోట కావాలనే సున్నాకి బదులు ఓ కొడతాను. నీ దగ్గరికి ఎన్ని చేరాయో, ఎలా చేరాయో చూసి నాకు ఫోన్ చెయ్.

ఇట్లు,
మీ బాబాయి